దాతలకు రసీదులు, జాబులు వాటంతట అవే వెళ్లాలంటే: చిన్న ట్రస్టులకు ఈమెయిల్ ఏర్పాటు

విజయవాడలోనో గుంటూరులోనో ఉన్న చిన్న ట్రస్టు ఏదైనా తీసుకోండి. దాతల వివరాలు సాధారణంగా మూడు చోట్ల ఉంటాయి: రసీదు పుస్తకాల నకళ్లలో, బ్యాంకు పాస్‌బుక్కులో, కార్యదర్శి గారి ఫోనులో. ఆయన ఊరెళితే మూడో వంతు సమాచారం ఆయనతోపాటు ఊరెళ్లినట్టే. ఏళ్ల తరబడి అన్నదానానికి డబ్బు పంపుతున్న కుటుంబానికి ఈసారి రసీదు వెళ్లిందా అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఈమెయిళ్ల పనిని కంప్యూటర్‌కు అప్పగిద్దాం అనగానే చాలామందికి ముందు తట్టేది విరాళాల విజ్ఞప్తి. ఒక్క మీట నొక్కితే వెయ్యి మందికి వెళ్లిపోవాలి. దీనితో మొదలుపెట్టవద్దని నా సలహా. కంప్యూటర్ బాగా చేసే పనులు వేరే ఉన్నాయి: రసీదు పంపడం, డబ్బు ఏమైందో చెప్పడం, తేదీ గుర్తుచేయడం, పన్ను ధ్రువపత్రం అందజేయడం. ఈ నాలుగూ వేళకు జరిగితే విరాళం అడగడం ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. ఆ జాబు మాత్రం మనిషి కూర్చుని రాయాలి.

మా దాతలు వాట్సాప్ తప్ప మెయిలు చూడరు అంటారా? చాలామంది విషయంలో అది నిజమే. కానీ రిటర్ను దాఖలు చేసే రోజున వెతుక్కునేది, ఆడిటరుకు పంపేది, విదేశంలో ఉన్న కొడుకు చదివేది మెయిలే. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలైతే వాట్సాప్‌లో ఉత్తరప్రత్యుత్తరాలు జరపవు.

జాబితా తయారీ

అసలు శ్రమంతా ఇక్కడే. గూగుల్ షీట్స్‌లో ఒక షీటు తెరిచి ఒక్కో దాతకు ఒక్కో వరుస ఇవ్వండి. గత మూడు ఆర్థిక సంవత్సరాల రసీదు పుస్తకాలు ఎక్కిస్తే చాలు. అంతకంటే వెనక్కి వెళితే పని మొదలుకాకముందే ఓపిక అయిపోతుంది.

పేరు, మెయిలు, ఫోను, పాన్, విరాళం మొత్తం, అందిన తేదీ, చెల్లించిన మార్గం వంటి గడులు ఎవరైనా పెడతారు. వాటితోపాటు మరికొన్ని కావాలి. మొదటిది ‘పిలుపు’. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. జాబులు పంపిపెట్టే మెయిల్ సాధనాలేమో మొదటి మాటే వ్యక్తి పేరు అనుకుంటాయి. అలా వదిలేస్తే పెద్దాయనకు ‘ప్రియమైన యార్లగడ్డ’ అని జాబు వెళుతుంది. ఇంటిపేరును ఇంగ్లిషులో పొడి అక్షరంగా రాసుకున్నవారికి ‘ప్రియమైన కె’ అని వెళుతుంది. కాబట్టి ఆ మనిషిని మీరు ఎదురుగా ఎలా పలకరిస్తారో అదే, జాబులో పడేలా ‘కి’ చేర్చి, ‘పిలుపు’ గడిలో రాయండి: వెంకటేశ్వరరావు గారికి, డాక్టరు గారికి, మాస్టారికి, లక్ష్మమ్మ గారికి. ఇది చేత్తో చేయాల్సిన పని. నాలుగైదు వందల పేర్లయితే ఇద్దరు కూర్చుని రెండు మూడు సాయంత్రాల్లో పూర్తిచేయవచ్చు. ఒకరు పుస్తకం చదవాలి, ఇంకొకరు ఎక్కించాలి.

రెండోది ‘సందర్భం’. ఇందులో రెండే మాటలు ఉండాలి: శుభం, స్మారకం. పుట్టినరోజుకో పెళ్లిరోజుకో ఇచ్చినవారికి వెళ్లే జాబు వేరు, తల్లిదండ్రుల జ్ఞాపకార్థం ఇచ్చినవారికి వెళ్లే జాబు వేరు. ఈ గడి లేకుండా అందరికీ ఒకే నమూనా పెట్టారనుకోండి, నాన్నగారి ఆబ్దికం నాడు ‘హృదయపూర్వక శుభాకాంక్షలు’ అందుతాయి. ఆ కుటుంబం మళ్లీ మీ గడప తొక్కదు.

మూడోది ‘పౌరసత్వం’. ఈ రెండు నగరాల సంస్థలకు ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడి చదువులు చదివి అమెరికాలో స్థిరపడినవారు మన దాతల్లో బాగానే ఉంటారు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాస భారతీయుడు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే చట్టం దాన్ని విదేశీ విరాళంగా చూడదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, చేతిలో ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, ఆయన ఇచ్చేది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. ఆ డబ్బు న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. మీకు ఆ అనుమతి లేకపోతే విదేశీ పౌరుల వరుసలకు విజ్ఞప్తి జాబు, ఖాతా నంబరు వెళ్లకుండా చూడాలి. షీటులో ఒక గడి ఉంటే కంప్యూటర్ వాళ్లను దానంతట అదే పక్కన పెడుతుంది. ఎవరు ఏ పాస్‌పోర్టో తెలియకపోతే అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

నాలుగోది ‘సమ్మతి’. మెయిలు పంపడానికి దాత ఒప్పుకున్నారా, ఏ తేదీన, ఎలా? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి, దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. రసీదు పుస్తకంలోనే ‘మీ మెయిలుకు రసీదు, ఏడాదికి కొన్ని జాబులు పంపవచ్చా?’ అని ఒక వాక్యం తెలుగులో అచ్చువేయించి, పక్కన టిక్కు పెట్టించుకుంటే సరిపోతుంది. అపార్ట్‌మెంటు సంఘం నుంచో పూర్వ విద్యార్థుల సంఘం నుంచో తెచ్చుకున్న మెయిళ్ల జాబితాను మాత్రం ఇందులో కలపవద్దు. వాళ్లు మీకు దాతలు కారు. వాళ్లలో కొందరు స్పామ్ అని నొక్కితే మీ అసలు దాతలకు వెళ్లే రసీదులు కూడా ఆ బుట్టలోనే పడతాయి.

తిథుల చిక్కు

ఇంగ్లిషు పాఠాలు చూసి ఏర్పాటు చేసుకునేవారు తప్పకుండా చిక్కుకునే చోటు ఇది. చాలా మెయిల్ సాధనాల్లో వార్షికోత్సవ జాబు అనే సదుపాయం ఉంటుంది. తేదీ ఇస్తే ఏటా అదే తేదీకి వెళుతుంది. మన స్మారక అన్నదానాలు ఎక్కువగా తిథిని బట్టి జరుగుతాయి. మాఘ బహుళ ఏకాదశి ఏటా ఒకే తేదీన రాదు. మామూలు సంవత్సరంలో తిథి దాదాపు పదకొండు రోజులు ముందుకు వస్తుంది. మధ్యలో అధికమాసం పడితే దాదాపు పంతొమ్మిది రోజులు వెనక్కి పోతుంది. 2026లో మార్చి 19న వచ్చిన ఉగాది, అధిక జ్యేష్ఠం కారణంగా 2027లో ఏప్రిల్ 7కు జరగడం ఇందుకే.

కాబట్టి షీటులో రెండు గడులు పెట్టండి. ఒకటి ‘తిథి’, మాసం, పక్షం, తిథి మాటల్లో రాసి ఉంటుంది, ఎప్పటికీ మారదు. రెండోది ‘ఈ ఏటి తేదీ’. ఉగాదికి కొత్త పంచాంగం చేతికి రాగానే ఒకరు కూర్చుని ఈ రెండో గడిని మొత్తం కొత్తగా నింపాలి. తిథి రెండు రోజులకు విస్తరిస్తే ఏ రోజు పెట్టుకుంటారో ఆ కుటుంబాన్నే అడగండి, మీరు తేల్చవద్దు. దాత అమెరికాలో ఉంటే అక్కడి తేదీ ఒక రోజు తేడాగా పడవచ్చు. భోజనం పెట్టేది ఇక్కడ కాబట్టి ఇక్కడి పంచాంగమే లెక్క అని జాబులో ఒక్క మాట రాయండి. వార్షికోత్సవ సదుపాయం వాడకుండా, ‘ఈ ఏటి తేదీకి ఇరవై రోజుల ముందు’ అని నియమం పెట్టుకోండి. డబ్బు పంపడానికి, బంధువులకు చెప్పుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

క్రైస్తవ కుటుంబాలు జ్ఞాపకార్థ కూటాలను క్యాలెండరు తేదీకే జరుపుకుంటాయి కాబట్టి వారికి ఏటా ఒకే తేదీ. రంజాన్ మాసంలో ఇచ్చేవారికి తేదీ ఏటా పది పదకొండు రోజులు ముందుకు వస్తుంది, ఉగాదినాడే అదీ సరిచూసుకోండి.

సొంత చిరునామా

జాబులు సంస్థ పేరున ఉన్న డొమైన్ (మెయిలు చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) నుంచి వెళ్లాలి. కార్యదర్శి గారి సొంత జీమెయిల్ చిరునామాను ఏదో సామూహిక మెయిల్ సాధనంలో పెట్టి పంపితే చాలావరకు స్పామ్‌లో పడతాయి, జీమెయిల్ 2024 నుంచి ఈ విషయంలో కఠినంగా ఉంటోంది. డొమైన్ ఖర్చు ఏడాదికి నలుగురు హోటల్లో భోంచేసినంత. రిజిస్టరైన లాభాపేక్ష లేని సంస్థలకు గూగుల్ తన వర్క్‌స్పేస్ సేవను ఉచితంగా ఇస్తోంది. రిజిస్ట్రేషన్ పత్రాలు చూపి దరఖాస్తు చేసుకోవాలి.

డొమైన్ కొన్నాక దాని డీఎన్ఎస్ పేజీలో (డొమైన్ అమ్మిన సంస్థ సైటులో ఉండే అమరికల పేజీ) మూడు నమోదులు చేయాలి. ఎస్‌పీఎఫ్ అంటే మీ పేరున ఏ సర్వర్లు జాబు పంపవచ్చో చెప్పే జాబితా. డీకేఐఎం అంటే ప్రతి జాబుకూ వేసే ముద్ర. డీమార్క్ అంటే ఈ రెండూ సరిపోని జాబు వస్తే ఏం చేయాలో అవతలి వారికి ఇచ్చే ఆదేశం. వీటికి కావలసిన పాఠాన్ని మీ మెయిల్ సాధనమే చూపిస్తుంది, దాన్ని యథాతథంగా అతికిస్తే చాలు. ఒక్క జాగ్రత్త: ఒక డొమైన్‌కు ఒకే ఎస్‌పీఎఫ్ నమోదు ఉండాలి. గూగుల్ కోసం ఒకటి, సామూహిక సాధనం కోసం మరొకటి విడివిడిగా పెడితే రెండూ చెల్లవు. రెండింటినీ ఒకే వరుసలో కలపాలి. ‘అంతా సరిగానే పెట్టాం, అయినా జాబులు చేరడం లేదు’ అనేవారు ముందు ఇదే చూసుకోవాలి. డీమార్క్‌ను మొదట్లో కేవలం నివేదికలు తెప్పించుకునే స్థాయిలోనే ఉంచండి.

సాధనం

దాతలు వెయ్యి లోపు ఉంటే గూగుల్ షీట్, దానికి జతచేసే యాప్స్ స్క్రిప్ట్ (షీటు చూసి పని దానంతట అదే జరిగేలా రాసే చిన్న ప్రోగ్రాం) సరిపోతాయి. ఉచిత జీమెయిల్ ఖాతా నుంచి స్క్రిప్ట్ ద్వారా రోజుకు 100 మందికి, వర్క్‌స్పేస్ ఖాతా నుంచి 1,500 మందికి పంపవచ్చు. రసీదులకు ఇంతకంటే అక్కర్లేదు. అంతకు మించితే బ్రేవో, మెయిల్‌చింప్, జోహో క్యాంపెయిన్స్ వంటి సామూహిక మెయిల్ సాధనాలు చూడండి. బ్రేవో ఉచిత పథకంలో రోజుకు 300 జాబులు వెళతాయి. సంక్రాంతికి అందరికీ ఒకేసారి పంపాలనుకుంటే ఈ పరిమితి అడ్డొస్తుంది, రోజుకు కొంత చొప్పున విడదీసి పంపండి. కొత్త డొమైన్ నుంచి ఒక్కసారిగా వేల జాబులు వదిలితే అవతలి సర్వర్లు ఎలాగూ అనుమానిస్తాయి.

స్క్రిప్ట్ రాయడం రాకపోయినా భయం లేదు. ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు, ఒక విద్యార్థికి ఒక ఆదివారం పని. అతనికి ఇలా చెప్పండి: రోజూ ఉదయం ఒక వేళకు షీటు చూడాలి. ‘రసీదు పంపిన తేదీ’ గడి ఖాళీగా ఉన్న ప్రతి వరుసకూ జాబు పంపాలి. పంపిన వెంటనే ఆ గడిలో తేదీ వేయాలి. ఆ చివరి మాట మరిచిపోతే మర్నాడు అందరికీ రెండో రసీదు వెళుతుంది.

ఇంకో సంగతి ముందే తెలుసుకోండి. క్యూఆర్ కోడ్ మీద పడిన డబ్బు, బ్యాంకులో జమైన చెక్కు షీటులోకి వాటంతట అవి రావు. పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సేవ) ఉంటే దానితో కలపవచ్చు. లేకపోతే రోజూ సాయంత్రం గుమస్తా ఒకరు ఆ రోజు జమలు ఎక్కించాలి. ఆ ఒక్కరూ ఎక్కించకపోతే మిగతా ఏర్పాటంతా దండగ. యూపీఐ జమలో పేరు తప్ప మెయిలు ఉండదు కాబట్టి, క్యూఆర్ పలక కిందనే ‘రసీదు కావలసినవారు ఇక్కడ వివరాలు నింపండి’ అని ఒక ఫారం కోడ్ కూడా పెట్టండి.

ఏ జాబు ఎప్పుడు

మొదటిది రసీదు జాబు, డబ్బు ఎక్కించిన మర్నాడు ఉదయం. రెండోది నలభై రోజుల తర్వాత, ఆ డబ్బు ఏమైందో నాలుగు వాక్యాల్లో. ఇందులో ఏమీ అడగవద్దు. మూడోది తిథి గుర్తుచేసే జాబు. నాలుగోది పన్ను ధ్రువపత్రం.

నాలుగోదాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 80జీ (పాత ఆదాయపు పన్ను చట్టంలో దాతకు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) ఆమోదం ఉన్న సంస్థ గడిచిన ఆర్థిక సంవత్సరపు విరాళాల వివరాలను 10బీడీ ఫారంలో మే 31లోగా దాఖలు చేసి, దాతలకు 10బీఈ ధ్రువపత్రం ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. మీ సొంత రసీదు ఎంత అందంగా ఉన్నా 10బీడీలో దాత పేరు లేకపోతే ఆయనకు మినహాయింపు చిక్కుల్లో పడుతుంది. కాబట్టి ఫిబ్రవరి మొదటి వారంలోనే పాన్ గడి ఖాళీగా ఉన్నవారికి మాత్రం ఒక జాబు వెళ్లేలా పెట్టండి. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి, బియ్యం బస్తాలు, దుప్పట్ల వంటి వస్తువులకు 80జీ వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలు ఈ మినహాయింపే లేదు. ‘మీకు పన్ను తగ్గుతుంది’ అని అందరికీ రాయకండి. బియ్యం ఇచ్చినవారికి కృతజ్ఞత జాబు మాత్రం తప్పక వెళ్లాలి, దాని నమూనా వేరేగా ఉంచండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చినందున సెక్షన్ల, ఫారాల సంఖ్యలను మీ ఆడిటరుతో సరిచూయించి నమూనాలో పెట్టండి.

స్మారక దాతకు వెళ్లే రసీదు జాబు ఇలా ఉండవచ్చు:

‘వెంకటేశ్వరరావు గారికి నమస్కారం. మీ అమ్మగారి జ్ఞాపకార్థం మీరు పంపిన 5,000 రూపాయలు 12వ తేదీన అందాయి. రసీదు జతచేశాం. ఆమె పేరున భోజనం 19వ తేదీ మధ్యాహ్నం ఏర్పాటు చేస్తున్నాం. మీరు గానీ మీ తరఫున ఎవరైనా గానీ రాదలిస్తే ముందు రోజు సాయంత్రంలోగా ఈ జాబుకే బదులు రాయండి. పన్ను ధ్రువపత్రం మే నెలాఖరులోగా ఇదే చిరునామాకు పంపుతాం. ఇట్లు, కోశాధికారి.’

ఇందులో పిలుపు, ఎవరి పేరున, మొత్తం, రెండు తేదీలు షీటు నుంచి వస్తాయి. ‘మీ అమ్మగారి’ అనే మాటను షీటులో అలాగే, విభక్తితో సహా రాసి ఉంచాలి. ‘అమ్మగారు’ అని రాసి పక్కన ‘యొక్క’ తగిలిస్తే ప్రభుత్వ నోటీసులా ఉంటుంది. బదులు రాస్తే చదివే మనిషి ఉండాలి. బదులివ్వలేని చిరునామా నుంచి పంపడం దాతను గుమ్మం బయట నిలబెట్టడమే.

పిల్లల ఆశ్రమం నడిపేవారికి ఒక హెచ్చరిక. ముఖాలు కనిపించే ఫొటోలు, పేర్లు, బడి వివరాలు జాబుల్లో పెట్టవద్దు. రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడంపై 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్‌లో ఆంక్షలున్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, రేపు ఆ పిల్ల పెద్దదై ఆ ఫొటో చూసుకుంటుంది. వంటగది, బల్లల వరుస, కొత్త పుస్తకాల కట్ట చాలు.

పంపేముందు

తెలుగు పాఠం యూనికోడ్‌లో (ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) ఉందో లేదో చూడండి. కరపత్రం వేసిన ప్రెస్సు నుంచి తెచ్చిన పాఠం చాలాసార్లు ‘అను’ ఫాంట్లలో (ప్రెస్సులు వాడే పాత పద్ధతి) ఉంటుంది. కాగితం మీద చక్కగా కనిపించేది మెయిల్లో అతికించగానే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల గుంపుగా మారిపోతుంది. దాన్ని మార్పిడి సాధనంలో వేసి, వత్తులు ఒక్కొక్కటీ సరిచూసుకోండి. లేదా ఫోనులో కొత్తగా టైపు చేసుకోండి, ఎక్కువసార్లు అదే తొందరగా అవుతుంది. తెలుగు పాఠాన్ని బొమ్మగా మార్చి పెట్టకండి, చాలామందికి బొమ్మలు తెరుచుకోవు.

తర్వాత ధర్మకర్తల చిరునామాలతో పది వరుసల నకిలీ షీటు తయారుచేసి దాని మీద నడపండి. ఒక వరుసలో పిలుపు, ఒకదానిలో మొత్తం కావాలనే ఖాళీగా వదలండి. ఖాళీ ఉన్నప్పుడు జాబు ఆగాలి, పేరు లేకుండా ఉత్త ‘నమస్కారం’ అని వెళ్లకూడదు. పాత ఫోనులో ఒకసారి తెరిచి చూడండి. మీ కోశాధికారి వయసు అరవై దాటి ఉంటే ఆయన అద్దాలు తీసి చదవగలిగేంత పెద్ద అక్షరాలు పెట్టండి.

ప్రతి జాబు అడుగున రెండు వరుసలు తప్పనిసరి. మొదటిది, ‘ఇక జాబులు వద్దు’ అనే లింకు. రోజుకు 5,000కు మించి పంపేవారికి ఒక్క నొక్కుతో ఆపే సదుపాయం ఉండాలని జీమెయిల్ నియమం, రెండు రోజుల్లోగా పేరు తొలగించాలి. మీరు పంపేది యాభై అయినా ఇదే పాటించండి. వద్దన్నవారికి విజ్ఞప్తులు ఆగాలి, రసీదు, ధ్రువపత్రం మాత్రం వెళ్లాలి. అందుకని ఈ రెండు రకాలనూ వేరువేరు జాబితాలుగా ఉంచాలి. రెండో వరుస: ‘మా బ్యాంకు ఖాతా మారలేదు. మారిందని ఎవరైనా రాస్తే ముందు కార్యాలయానికి ఫోను చేయండి.’ మోసగాళ్లు ట్రస్టుల పేరు కూడా వాడుకుంటారు.

వేళ విషయం. స్థానికులకు ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య. అమెరికా తూర్పు తీరంలో ఉన్నవారికి మన సాయంత్రం ఆరున్నరకు పంపితే అక్కడ శీతకాలంలో ఉదయం ఎనిమిది, వేసవిలో తొమ్మిది అవుతుంది.

నడుస్తున్నప్పుడు

ఆపే మీట ఎక్కడుందో కనీసం ఇద్దరికి తెలియాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన రోజులు గుర్తున్నాయి కదా. ఇళ్లలో నడుముల్లోతు నీళ్లలో ఉన్నవారికి ‘మా హాలుకు రంగులు వేయిస్తున్నాం, సహకరించండి’ అని ముందే పెట్టిన జాబు వెళితే ఎలా ఉంటుందో ఊహించండి. అలాంటప్పుడు రసీదులు తప్ప అన్నీ ఆపండి. సహాయానికి పిలుపు ఇవ్వాల్సి వస్తే ఆ రోజే కొత్తగా రాయండి.

ఖాతాలు, డొమైన్ సంస్థ పేరున, సంస్థ ఫోను నంబరు మీద ఉండాలి. ఏర్పాటు చేసిపెట్టిన కుర్రవాడు బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే ఓటీపీ కోసం అతనికి రాత్రుళ్లు ఫోన్లు చేయాల్సిన అవస్థ ఉండకూడదు. డొమైన్ గడువు తేదీని గోడ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాసిపెట్టండి.

నెలకోసారి తిరిగివచ్చిన జాబుల జాబితా చూడండి. ఒకే చిరునామా నుంచి రెండుసార్లు తిరిగివస్తే ఇక పంపవద్దు, ఆ ఇంటికి ఫోను చేయండి. ఫోను ఎత్తినవారు దాత ఇక లేరని చెబితే షీటులో వెంటనే ఆ వరుసను ఆపి, ‘పిలుపు’ పక్కన ఇంట్లో ఇప్పుడు ఎవరితో మాట్లాడాలో రాసుకోండి. ధ్రువపత్రాలు పంపిన వారం తర్వాత, అంటే జూన్ మొదట్లో, తిరిగివచ్చిన 10బీఈలను అచ్చుతీసి పోస్టులో వేయండి.